గేట్లు మూసే ఉన్నాయిగా

ఆటోనగర్‌లో పాతికేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించిన సంజీవరావు గారికి సముద్రం కూడా ఒక ఇంజనే. ఇంజన్లోకి నీళ్లు దిగాయంటే ఎక్కడో లీకు ఉండి తీరాలి. లీకు ఉందంటే సరిగ్గా బిగించని వెధవ ఒకడు ఉండి తీరాలి. ఆ ఒకడు దొరికేదాకా ఆయనకి అన్నం సహించదు. దొరికాక ఆ దొరికినవాడికి సహించదు.

ఈసారి దొరికినవాడు ఇశ్రాయేలు.

"చదువమ్మా," అంటూ సంజీవరావు గారు ఒక కాగితాన్ని స్టెల్లా ముందుకి తోశారు. బెజవాడలో ఆయన ఆఫీసది. టేబుల్ మీద ఇప్పటికీ రెండు పాత బేరింగులు పేపర్‌వెయిట్లుగా ఉంటాయి.

స్టెల్లా చదివింది. 'నవంబరు రెండో తారీకు సాయంత్రం నేను మంచినీళ్ల వాల్వు సరిగా కట్టకుండా సమాధుల తోటకి వెళ్లినాను. అందువలన పదకొండు ట్యాంకుల పిల్ల చచ్చిపోయినది. తప్పు నాదే. ఇట్లు, ఇశ్రాయేలు.' అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి గానీ ఎక్కడా కొట్టివేత లేదు. చిత్తు రాసుకుని మరీ ఎత్తి రాసినట్టున్నాడు. అది చూడగానే స్టెల్లాకి ఒళ్లు మండిపోయింది.

బందరుకి దక్షిణంగా, సముద్రం ఒడ్డున సంజీవరావు గారికి రొయ్య పిల్లల హేచరీ ఉంది. సముద్రంలోంచి పైపుతో నీళ్లు తోడి, ఆ నీళ్లలో గుడ్లు పొదిగించి, పిల్లల్ని చెరువుల రైతులకి అమ్ముతారు. నీళ్ల మంచిచెడ్డలు చూసే టెక్నీషియన్ స్టెల్లా. గుణదల నుంచి వచ్చి అక్కడే గది తీసుకుని ఉంటోంది, నాలుగేళ్లయింది. పంపు నడిపేది, ట్యాంకులు కడిగే మంచినీళ్ల పైపు వాల్వు చూసేది ఇశ్రాయేలు. పసి పిల్లకి నీళ్లలో ఉప్పు లీటరుకి ముప్పై గ్రాములు ఉండాలి, కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. సమాధుల పండుగ సాయంత్రం తోడిన నీళ్లలో ఇరవై రెండే ఉందని పిల్లలు పోయాకే తెలిసింది. రెండు రోజుల్లో పదకొండు ట్యాంకుల అడుగున తెల్లటి పొరలా పేరుకున్నాయి, చచ్చినవి.

"ఇది తప్పు సార్," అంది స్టెల్లా.

"ఆయనే రాసిచ్చాడు కదమ్మా."

"ఆయన రాసిచ్చిందే తప్పంటున్నాను. ఇవాళ పొద్దున్న బకెట్టుతో నేనే ముంచి చూశాను. ట్యాంకులో కాదు, సముద్రంలో. ఇరవై మూడు చూపించింది. సముద్రమే చప్పగా ఉంటే వాల్వు ఏం చేస్తుంది?"

"మీటరు పోయుంటుంది."

"కొత్త మీటరు సార్. మొన్ననే మీరు కొనిచ్చారు."

"అయితే కచ్చితంగా పోయే ఉంటుంది. ఈ రోజుల్లో కొత్త సామానే ముందు పోతుంది." సంజీవరావు గారు ఫోన్ తీసి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, బ్యారేజి మెసేజి చూపించారు. సముద్రంలోకి వదులుతున్న నీరు సున్నా అని ఉంది. "ఇదిగో, గేట్లు మూసే ఉన్నాయిగా? దించి ఇరవై రోజులైంది. కృష్ణ చుక్క వదలకుండా సముద్రంలోకి మంచినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, మీ నాన్నగారు పోశారా?"

డెల్టాలో పుట్టినవాడికి బ్యారేజి గేట్లే పంచాంగం. పొద్దున్న లేస్తే ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు, ఎన్ని క్యూసెక్కులు అని అడగనిదే కాఫీ దిగదు. నారు పొయ్యడానికీ గేట్లే, ఊరు ఖాళీ చెయ్యడానికీ గేట్లే. ఆ డెబ్బై గేట్లకి అవతల కూడా ప్రపంచం ఉందనీ, సముద్రానికి కృష్ణ కాక వేరే చుట్టాలు కూడా ఉన్నారనీ చెబితే వినేవాడు లేడు.

"తప్పు ఎవరిదైతే వాళ్లే పోవాలి సార్. చెయ్యనివాళ్లు కాదు," అంది స్టెల్లా. గొంతు లేచింది.

"ఆ మాట బాగుంది. ఎవరిదైతే వాళ్లే." సంజీవరావు గారు బేరింగుని కాగితం మీద పెట్టారు. "శనివారానికల్లా రిపోర్టు రాసి సంతకం పెట్టు. ఇశ్రాయేలు కాకపోతే ఇంకో పేరు ఉండాలి. ఖాళీ వదిలితే మాత్రం ఒప్పుకోను. ఆ పేరున్నవాళ్లు నెలాఖరుకి బయటికి."

బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని స్టెల్లా దారంతా పళ్లు నూరుకుంటూనే ఉంది. ఆ నీళ్లు ఎక్కడివో ఆమెకి తెలుసు. కాలేజీలో చదివింది. వానాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసిన మంచినీళ్లు బంగాళాఖాతం తలభాగంలో పోగుపడతాయి. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక, తేలిక కాబట్టి అడుగు నీళ్లతో తొందరగా కలవవు, పాల మీద మీగడలా పైనే ఉండిపోతాయి. వానలు వెనక్కి తిరిగి, గాలి ఈశాన్యం నుంచి మొదలయ్యాక తీరం వెంట ప్రవాహం దక్షిణానికి మళ్లుతుంది. ఆ మీగడంతా విశాఖ దాటి, కాకినాడ దాటి బందరు ముందు నుంచి సాగిపోతుంది. నీటి రాశుల పుట్టుక, లక్షణాలు అని ఆ పాఠం పేరు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తే పదికి తొమ్మిది వచ్చాయి.

బస్సు దిగక ముందే ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. సంజీవరావు గారు ఓపిగ్గానే విన్నారు.

"గంగ నీళ్లు బందరు దాకా వచ్చాయా? టికెట్టు ఎవరు తీశారమ్మా?" అని పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్కుని పంపించారు. అతను వాల్వంతా విప్పి, తుడిచి, ఊది, స్పిండిల్ దగ్గర నిమిషానికి రెండు చుక్కలు కారుతోందని కనిపెట్టాడు. రెండు చుక్కలతో పదకొండు ట్యాంకులు చప్పబడాలంటే ఎన్నేళ్లు పడుతుందో లెక్క వెయ్యమంటే, "అయ్యన్నీ నాకు తెలవదు మేడం, లీకుందా లేదా అని చూడమన్నారు," అన్నాడు. అక్కడి నుంచే ఫోన్ చేసి, "సార్, లీకు దొరికింది," అని చెప్పేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక స్టెల్లా ఆ వాల్వు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. వాల్వుకేం కాలేదు, బొటనవేలు వాచింది.

వీళ్లందరినీ మించి ఆమె ఓర్పుని పరీక్షించినవాడు ఇశ్రాయేలే. కుంటుకుంటూ పంపు షెడ్డు వెనక అతని గదికి వెళ్లేసరికి, అతను రేకు పెట్టెలో బట్టలు సర్దుతున్నాడు. భార్య తెరేసమ్మ ఫొటోని తువ్వాల్లో చుట్టి అన్నిటికంటే పైన పెట్టాడు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"నెలాఖరుకంటే ఎన్నో రోజులు లేవు కదమ్మా."

"నువ్వు వాల్వు కట్టావా లేదా?"

"కట్టాననే అనుకున్నానమ్మా. ఆ రోజు తెరేసమ్మ సమాధికి సున్నం వెయ్యాలని తొందరలో ఉన్నాను. కొవ్వొత్తులు కూడా కొనలేదు అప్పటికి. కట్టానా లేదా అని ఎంత గుర్తు చేసుకున్నా చక్రం మీద నా చెయ్యి కనపడట్లేదు. పువ్వులే కనపడుతున్నాయి."

"కట్టావు. నువ్వు కట్టకుండా వెళ్లే మనిషివి కాదు. సముద్రమే చప్పగా ఉంది, నేను చూశాను."

ఇశ్రాయేలు జాలిగా చూశాడు ఆమె వైపు. తనని కాపాడటానికి ఈ పిల్ల అబద్ధమాడుతోందని అనుకున్నాడని ఆ చూపులోనే తెలిసిపోయింది. "గేట్లు మూసే ఉన్నాయి కదమ్మా. పొద్దున్నే ఫోన్లో చూశాను. చూసే తోడాను. షెడ్డులో బోర్డు ప్రకారమే చేశాను. మరి నీళ్లలో తేడా వచ్చిందంటే వాల్వు కాక ఇంకేంటి?"

"బోర్డు సంగతి తర్వాత. ముందు ఆ పెట్టె మూసెయ్."

"పసి పిల్లలమ్మా," అన్నాడు ఇశ్రాయేలు, ఆమె మాట వినపడనట్టు. "కళ్లు కూడా సరిగా రానివి."

తప్పు చెయ్యనివాడు చెయ్యలేదని మొత్తుకుంటే పక్కన నిలబడి గొంతు కలపొచ్చు. చేశానని ఒప్పుకుని సంతకం పెట్టి పెట్టె సర్దుకునేవాడి తరఫున ఎవరితో పోట్లాడాలి? కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె ఒడ్డుకి నడిచింది.

హేచరీకి రెండు వందల గజాల దూరంలో జక్కయ్య పాక ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి, ఇప్పటికీ పడవ మీద వేటకి వెళతాడు. పాక ముందు వల విప్పదీసి చిల్లులు చూసుకుంటున్నాడు. చూరుకి ఒక తెల్లటి వల బెండు వేలాడుతోంది, దాని మీద ఒడియా అక్షరాలు.

"ఇదెక్కడిది తాతా?" అంది స్టెల్లా.

"కొట్టుకొచ్చింది. కార్తీకంలో పైనుంచి అన్నీ కొట్టుకొస్తాయి."

"నీళ్లు కూడానా?"

జక్కయ్య తలెత్తి వింతగా చూశాడు. "నీళ్లు రాకుండా బెండు ఒక్కటే నడిచొస్తదా అమ్మాయిగారూ? కార్తీకం వస్తే పై నీరు దిగుద్ది. నోట్లో పోసుకుంటే చప్పగా తెలుస్తది. మా తాతల నాటి నుంచి ఉన్నదే. ఆ రోజుల్లో వల ఏసిన చోట తియ్యం, నాలుగు మైళ్లు దక్షిణంగా పోయి తీస్తాం."

"నాలుగేళ్ల నుంచి మీ పక్కనే ఉన్నాం. మాకెవరూ చెప్పలేదే?"

"మీరు అడిగారేంటి?" అన్నాడు జక్కయ్య. "మీకు మీటర్లున్నాయి కదా అనుకున్నా."

స్టెల్లాకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. అయినా ఆ పూట ఆమెకి అది ఆలోచించుకునే తీరిక లేదు. సాక్షి దొరికాడు, అదే చాలు. సంజీవరావు గారికి ఫోన్ చేసి, "సార్, విప్పి చూడకుండా మీరు దేన్నీ నమ్మరు కదా. రేపు పొద్దున్న రండి, సముద్రాన్ని విప్పి చూపిస్తాను," అంది. ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది. వస్తానన్నారు.

శుక్రవారం తెల్లవారుతుండగా జక్కయ్య పడవలో బయల్దేరారు. లారీ కింద పడుకుని గేర్‌బాక్సు దించడానికి ఏనాడూ జంకని సంజీవరావు గారు, పడవ అంచుని రెండు చేతులా పట్టుకుని మూడు గంటలు కూర్చున్నారు. స్టెల్లా దగ్గర ఒక ఖాళీ వెనిగర్ సీసా ఉంది. మెడకి ఇనుప గుండు, బిరడాకి వేరే తాడు. సీసాని కావలసిన లోతుకి దించి, బిరడా తాడు లాగితే ఆ లోతు నీళ్లే సీసాలోకి వస్తాయి.

లోతు ఇరవై బారలు దాటిందని జక్కయ్య చెప్పాక ఇంజను ఆపారు. పైనీళ్లు ముందు తీసింది. మీటరు మీద రెండు చుక్కలు వేసి సంజీవరావు గారి చేతికే ఇచ్చింది. ఆయన ఒక కన్ను మూసి వెలుగు వైపు పెట్టి చూశారు.

"ఇరవై మూడు," అన్నారు.

పది బారల దగ్గర తీసింది. ఇరవై ఆరు. ఇరవై బారల దగ్గర తీసింది. ఆయన ఎక్కువసేపు చూశారు, మీటరుని చొక్కాతో తుడిచి మళ్లీ చూశారు.

"ముప్పై మూడు. అడుగున అసలు సముద్రం ఉందన్నమాట. దీని మీద ఎవరో మూత పెట్టారు."

"కృష్ణ నీరైతే ఎర్రగా వస్తది బాబుగారూ, బురద వాసనేస్తది, ఒడ్డు పట్టుకునే ఉంటది," అన్నాడు జక్కయ్య. "ఇది చూడండి, తేటగా ఉంది." వల బెండు ఒకటి నీళ్లలోకి విసిరాడు. అది పడవని వదిలి, గాలితో పని లేకుండా, నింపాదిగా దక్షిణం వైపు సాగిపోయింది. సంజీవరావు గారు అది కనపడనంత దూరం పోయేదాకా చూశారు.

"అయితే ఇందులో గంగ కూడా ఉందా?" అని అడిగారు నెమ్మదిగా.

"ఉంది సార్. కొంత గంగే."

ఆయన వంగి, దోసిలితో నీళ్లు తీసుకుని, కళ్లు మూసుకుని నెత్తిన చల్లుకున్నారు. కార్తీకమాసం మరి. ఇన్నాళ్లూ తను అరిచి చెప్పినా ఎక్కని ముక్క, రెండు నీటి చుక్కలకి ఇలా ఎక్కేసరికి స్టెల్లాకి సంతోషంతో పాటు పిచ్చి కోపం కూడా వచ్చింది. ఇశ్రాయేలు పెట్టె విప్పేస్తాడు, తెరేసమ్మ ఫొటో మళ్లీ మేకుకి ఎక్కుతుంది. అంతే చాలనుకుంది.

ఒడ్డు కనపడుతుండగా సంజీవరావు గారు అడిగారు. "ప్రతి ఏడూ వస్తాయా ఈ నీళ్లు?"

"వస్తాయి సార్. ఒక్కో ఏడు ఎక్కువ, ఒక్కో ఏడు తక్కువ. ఏటా హేచరీని సెప్టెంబరు ఆఖరుకి మూసి మళ్లీ జనవరిలో తెరుస్తాం కాబట్టి మనకి తెలియలేదు. ఈ ఏడే కదా నవంబరులో మొదలుపెట్టింది."

"అంటే గేట్లు మూసి ఉన్నా సముద్రం చప్పబడొచ్చు."

"అదే కదా సార్ మూడు రోజుల నుంచి మొత్తుకుంటున్నాను!"

"మొత్తుకున్నావు, నేనే వినలేదు, నిజమే." ఆయన తల మీది నీళ్లు తుడుచుకున్నారు. "నేను లారీలవాణ్ణమ్మా. సముద్రం గురించి నాకేం తెలుసు? గేట్లు మూసి ఉంటే చూడక్కర్లేదు, ధైర్యంగా తోడొచ్చని నాకు ఎవరు చెప్పారు?"

స్టెల్లా సీసా తాడు చుట్టడం ఆపేసింది.

"పంపు షెడ్డులో బోర్డుంది కదా. ఎవరు రాశారది?"

పడవ అడుగు ఇసకకి తగిలింది. జక్కయ్య దూకి తాడు లాగాడు. సంజీవరావు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని దిగారు. గొంతులో కోపం లేదు, ఇంజను పని ముగించి చేతులు తుడుచుకునే మనిషిలా ఉన్నారు.

"లీకు దొరికిందమ్మా," అన్నారు. "రేపు రిపోర్టు పంపించు." కారెక్కి వెళ్లిపోయారు.

స్టెల్లా పంపు షెడ్డులోకి వెళ్లి బోర్డు ముందు నిలబడింది. రెండేళ్ల కిందట, ఆగస్టులో ఎర్రనీళ్లు వచ్చి రెండు ట్యాంకులు పోయినప్పుడు ఎర్రరంగుతో తనే రాసిన బోర్డది. 'గేట్లు ఎత్తి ఉంటే: తోడిన ప్రతిసారీ ఉప్పు చూడాలి. గేట్లు మూసి ఉంటే: చూడనక్కర్లేదు, తోడవచ్చు.' మీటరులోని సన్నటి గీతలు ఇశ్రాయేలు కళ్లకి ఆనవు, పాపం రోజూ ఎందుకు శ్రమ అని రెండో వాక్యం రాసింది. పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఆ పాఠం సంగతే మర్చిపోయి, బెజవాడ బ్యారేజినే సముద్రానికి తాళంచెవి చేసేసింది. మూడు రోజులుగా ఎవరి మూర్ఖత్వం చూసి పళ్లు నూరుకుందో, ఆ మూర్ఖత్వానికి గురువు తనే. తప్పు ఎవరిదైతే వాళ్లే పోవాలన్న ఆమె మాటే సంజీవరావు గారు ఆమెకి అప్పజెప్పారు.

అక్కడే పంపు లాగ్‌బుక్కు మీద కాగితం పెట్టి రిపోర్టు రాసింది. ఖాళీ వదలలేదు. పేరు రాయాల్సిన చోట తన పేరే రాసి, కింద సంతకం చేసి, ఇశ్రాయేలుని పిలిచి చదివి వినిపించింది. నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎలా తేలతాయో, వాల్వుకీ వాటికీ ఎందుకు సంబంధం లేదో అంతా చెప్పింది. బోర్డు సంగతీ చెప్పింది.

ఇశ్రాయేలు అంతా విన్నాడు. చివరికి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"అయితే నేను వాల్వు కట్టే వెళ్లానా?"

"కట్టే వెళ్లావు బాబాయ్."

"ఆదివారం పాపసంకీర్తనం చేశానమ్మా. సమాధి దగ్గర తొందరలో పసి ప్రాణాలు తీశానని ఫాదర్ గారికి చెప్పుకున్నాను. నలభై రోజులు జపమాల చెప్పమన్నారు. ఐదు రోజులైంది." అతను జేబులోని జపమాల తడుముకున్నాడు. "తెరేసమ్మతో కూడా చెప్పాను. నీ సమాధి కోసమే ఇలా అయిందే, వచ్చే ఏడు రానని చెప్పాను."

స్టెల్లాకి ఏడుపొచ్చేసింది. క్షమించు అనే మాట అంత పెద్ద వయసు మనిషితో ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. కుండలో నీళ్లు ఒంపి, గుడ్డ తడిపి, బోర్డు మీద రెండో వాక్యాన్ని గట్టిగా రుద్దసాగింది. తడికి అక్షరాలు ఇంకా నిగనిగలాడాయి తప్ప ఒక్కటీ చెదరలేదు. ఎవరూ చెరపకూడదని ఏరి కోరి ఎనామిల్ పెయింటు తెచ్చింది తనే. అయినా రుద్దుతూనే ఉంది.

ఇశ్రాయేలు లేచి, జనరేటరు దగ్గరికి వెళ్లి, ఒక గుడ్డముక్క ముంచుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీళ్లకి పోదమ్మా అది," అన్నాడు. "డీజిలు కావాలి."